మా ఓటు అడుగుతరు, మా మాట అడగరు

ఎన్నికలు దగ్గర పడితే ఉప్పల్, నాచారం చాయ్ హోటళ్లల్ల సర్వేల జాతర మొదలైతది. ఒక పత్రిక ఫలానా పార్టీ గాలి వీస్తోందంటది. మర్నాడు ఇంకో టీవీ అదే పార్టీ మట్టి కరుస్తోందంటది. ఏది నమ్మాలె అని బస్తీ జనం మమ్మల్ని అడుగుతున్నరు. ఆ లెక్క ఎవరిని అడిగి వేసిండ్రు, ఎవరి కోసం వేసిండ్రు? ముందు ఇది తేలాలె అంటున్నం మేము.

2018 గుర్తు చేసుకోండి. డిసెంబర్ 7న పోలింగ్ ముగిసిన సాయంత్రం మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ ప్రజాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, పది అటూ ఇటూ అని చెప్పిండు. ఇండియా టుడే–యాక్సిస్ సర్వే టీఆర్ఎస్‌కు 79 నుంచి 91 అన్నది. 11న లెక్కిస్తే వచ్చినవి 88. అయితే యాక్సిస్‌కు దండం పెట్టి లగడపాటిని తిడితే సరిపోతదా? సరిపోదు. ఎందుకంటే పోటీ గట్టిగా ఉన్నకాడ మంచి సర్వే కూడా కండ్లు మూసుకుని నడిచినట్టే.

మేము బడిలో లెక్కలు చెప్పేటోళ్లం, ఈ లెక్క కూడా చెప్తం. వెయ్యి మందిని సక్రమంగా ఏరి అడిగినా జవాబు 3 శాతం అటో ఇటో ఉంటది. 2023లో కాంగ్రెస్‌కు, బీఆర్ఎస్‌కు మధ్య ఓట్ల తేడా దాదాపు 2 శాతమే. సీట్లు చూస్తే 64, 39! అంటే ఒక సర్వే వీళ్లు ముందన్నా, ఇంకోటి వాళ్లు ముందన్నా రెండూ నిజాయితీగా చేసినవే కావచ్చు. ఓట్ల శాతం జనాన్ని అడిగి రాసింది. సీట్ల అంకె మాత్రం దాని మీద కట్టిన ఊహ. ఇక రాష్ట్రమంతా 5 వేల మందిని అడిగినమని గొప్పలు పోతే, 119 నియోజకవర్గాలకు పంచి చూడండి. ఒక్కోదానికి 42 మంది. ఉప్పల్‌లో ఓటర్లే 5 లక్షలకు పైన. ఆ 2023లోనే రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి అన్నరు, గెలిచింది కూడా. కానీ ఉప్పల్‌లో బీఆర్ఎస్ గెలిచింది. హైదరాబాద్ జిల్లా 15 సీట్లల్ల కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలే.

ఆ అడిగిన కొద్దిమందిలో మనమెందరం? నాచారం ఫ్యాక్టరీల షిఫ్టుకు పోయేటోడు పొద్దున్నే పోతడు. హబ్సిగూడ, తార్నాక ఇండ్లల్ల బోళ్లు తోమే అక్క చీకటితోనే బయల్దేరుతది. సర్వే పోరగాడు పదకొండు గంటలకు కాగితం పట్టుకుని వస్తే ఇంటికాడ ఎవరుంటరు? ఫోన్ చేస్తే ఫోన్ భర్త జేబులో ఉంటది. ఒకవేళ దొరికినా, పక్కన బస్తీ లీడర్ నిలబడి వింటుంటే మనోళ్లు మనసులో మాట చెప్తరా? చెప్పరు. చెప్పకపోవడం తెలివే. తరతరాలుగా దొర ముందు నోరు కట్టుకుని బతికిన జాతి అది.

ఇంతకంటె పెద్ద మోసం టికెట్ల కాడ జరుగుతది. అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి మామూలు జనం ఓటేసే ప్రాథమిక ఎన్నిక ఉన్నది. ఇక్కడ ఆ పని సర్వే చేస్తది. సర్వేలో పేరొచ్చినోడికే, గెలిచే గుర్రానికే టికెట్టు అంటరు. ఆ సర్వే కాగితం ఎవరికీ చూపరు. 2023 ఆగస్టు 21న కేసీఆర్ 115 పేర్లు ఒక్కసారే చదివిండు. ఉప్పల్ సిట్టింగ్ బేతి సుభాష్ రెడ్డిని తీసి బండారి లక్ష్మారెడ్డిని పెట్టిండు. రెడ్డి పోయి రెడ్డే వచ్చిండు. కానీ ఆ రోజు సిట్టింగులను మార్చిన చోట్లు చూడండి. స్టేషన్ ఘనపూర్, ఖానాపూర్, బోథ్, ఆసిఫాబాద్, వైరా. ఐదూ ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు సీట్లే. రాష్ట్రంలో రిజర్వుడు సీట్లు 31 మాత్రమే అయినా, కత్తి ఎక్కువగా వాటి మీదే పడ్డది. కాంగ్రెస్ అయితే దరఖాస్తుకే ఫీజు పెట్టింది. జనరల్‌కు 50 వేలు, మనకు దయతో 25 వేలు! రాళ్లు కొట్టే కూలి కొడుకు సర్వేలో పేరు ఎక్కించుకోవడానికి ముందు 25 వేలు ఎక్కడ తేవాలె?

నిజానికి ప్రాథమిక ఎన్నిక ఈ దేశంలో మొదట మన కోసమే రాసిండ్రు. 1932 పూనా ఒప్పందంలో రిజర్వుడు సీటుకు నలుగురిని అంటరాని కులాల ఓటర్లే ముందు ఎన్నుకోవాలె, ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి గెలిపించాలె అని ఉన్నది. మనోళ్లల్ల తక్కువ ఓట్లు పడినోడిని అగ్రకులాల ఓట్లతో గెలిపించే దారి అందులో ఉన్నదని అంబేద్కర్ తర్వాత ఎండగట్టిండు. అది కుంటి హక్కే. అయినా మన అభ్యర్థి ఎవరో మొదటి మాట మనది. ఇప్పుడు ఆ కుంటి హక్కు కూడా లేదు. మొదటి మాట సర్వే కంపెనీది, చివరి మాట పార్టీ పెద్దది.

ఇక మనలో ఒకడు సొంతంగా నిలబడితే సర్వేల వాని పేరుండదు, ‘ఇతరులు’ అనే డబ్బాలో వేస్తరు. ఆ డబ్బా చూపించి గల్లీకొచ్చి, ‘వానికేస్తే ఓటు మురిగిపోతది’ అంటరు. మురిగేది ఓటా, వాళ్ల పెత్తనమా?

కాబట్టి సర్వే కాగితం తెచ్చినోడిని కూర్చోబెట్టి అడగండి. పైసలు ఎవరిచ్చిండ్రు? ఎందరిని అడిగిండ్రు? ఏ తారీఖున అడిగిండ్రు? మన బస్తీలో ఏ ఇంటికి వచ్చిండ్రు? జవాబు లేకపోతే ఆ కాగితం పల్లీలు కట్టుకోవడానికి పెట్టుకోండి. టికెట్ల కాలం రాకముందే ప్రతి బస్తీలో అంబేద్కర్ బొమ్మ కాడ కూర్చుని, ఆడోళ్లు, మగోళ్లు అందరూ చీటీ వేసి, ఉప్పల్‌కు మనిషి ఎవరో మనమే తేల్చుదాం. ఆ చీటీలు అందరి ముందట లెక్కపెట్టి, అంకె కాగితం మీద రాసి, అన్ని పార్టీల ఆఫీసులకు పంపుదాం. ఆదివారం సాయంత్రమైతే షిఫ్టుల వాళ్లు కూడా దొరుకుతరు.