దానమునకు లెక్క

2020లో లాక్‌డౌను కాలమున వలస కూలీలు పిల్లాపాపలతో మేడ్చలు మీదుగా కాలినడకను స్వస్థలములకు మరలినపుడు, స్వచ్ఛంద సేవకులు నాగపురము బాటపై వారికి అన్నపానీయము లందించిరి. అది మన ప్రాంతమునకు వన్నె దెచ్చిన కార్యము. కాని బాటసారికి ఒకపూట అన్నము చాలును. దిక్కులేని వృద్ధునకు, తల్లిదండ్రులు లేని బిడ్డకు నిత్యము నిలుచు నీడ కావలెను. 1958లో రాణీ కుముదినీదేవి కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రమును స్థాపించి, లోకము వెలివేసిన కుష్ఠరోగులకు అట్టి నీడ కల్పించిరి.

ఈ భారము ప్రభుత్వముది కాదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టము, జిల్లాకొకటి చొప్పుననైనను 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు ఆశ్రమమును ప్రభుత్వము నెలకొల్ప 'వచ్చును' అనెనే గాని, నెలకొల్ప 'వలెను' అనలేదు. ఆ యొక్క క్రియాపదపు సందున జారిన భారమును మేడ్చలు, శామీరుపేటల వంటి తావుల ధర్మసంస్థలు మోయుచున్నవి.

మోయువారిని కొనియాడుదము, లెక్కయు నడుగుదము. దానమునకు లెక్కలేల యను మాట మాకు సమ్మతము కాదు. ఆశ్రమములోని బిడ్డ తనకై వచ్చిన బియ్యమేమయ్యెనని అడుగజాలదు, దాతయే అడుగవలెను. 2015 నాటి బాలన్యాయ చట్టము ననుసరించి, రిజిస్టరు కాని బాలల గృహమును నడుపుట శిక్షార్హమైన నేరము. కావున పుట్టినరోజున పండ్లు పంచి, ఛాయాచిత్రము దీయించుకొని మరలుట చాలదు. రిజిస్ట్రేషను పత్రము చూడుడు, జమాఖర్చులు గోడకంటింపుడనుడు, నెలకొకమారు పోయి పిల్లలతో మాటలాడుడు. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, బాలలకు, వికలాంగులకు ఉచిత న్యాయసహాయము విధించినది. నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీరుపేటలోనే యున్నది. చట్టము తెలిసినవారు ఇంత సమీపమున నుండగా అనాథలు నోరులేనివారుగ మిగులుట మనకు తగునా? పఠనమందిరములవారు వచ్చు ఆదివారముననే యీ పనికి పూనుకొందురుగాక!