టికెట్టు కొనే ముందే పిల్లల ఎత్తు కొలవాలి

నల్గొండ: తెల్లవారుజామునే లేచి, పులిహోర డబ్బా సర్దుకొని, వంద కిలోమీటర్లు ప్రయాణించి, ఎండలో వరుసకట్టి తీరా రోలర్‌ కోస్టర్‌ మెట్ల దాకా చేరాక అక్కడి సిబ్బంది కొలబద్ద పక్కన నిలబెట్టి ‘బాబును ఎక్కించుకోవడం కుదరదు’ అంటారు. అన్న పైకెక్కుతాడు. తమ్ముడు కంచె బయట నిలబడి ఏడుస్తాడు. వాడిని సముదాయిస్తూ తల్లి కిందే ఆగిపోతుంది. ముగ్గురికీ సొమ్ము చెల్లించినా ఆడింది ఒక్కడే. పులిహోర డబ్బా సంగతి సరేసరి, అది ప్రవేశద్వారం దగ్గరే నిలిచిపోయింది!

సెలవులు వచ్చాయంటే ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి పిల్లలతో హైదరాబాద్‌ శివార్లకు బయలుదేరే కుటుంబాలకు కొదవలేదు. ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం చాలా ఇళ్లలో ప్రకటనలో కనిపించిన పెద్ద రైడ్‌ను బట్టో, పక్కింటివారు వెళ్లొచ్చిన చోటును బట్టో తేలిపోతుంది. ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్లవాడి ఎత్తు ఎంతన్నది లెక్కలోకి రావడం అరుదు. నిజానికి ఆ రోజు ఆనందం, ఖర్చు, క్షేమం మూడూ ముడిపడి ఉన్నది ఆ అంకెతోనే.

పెద్ద పార్కులలో ఒళ్లు గగుర్పొడిచే రైడ్లకు సాధారణంగా 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. మన పిల్లలు సగటున ఆ ఎత్తుకు చేరేది పదేళ్లు దాటిన తర్వాతే. అయిదేళ్ల వయసులో వారి ఎత్తు 110 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇది సిబ్బంది మొండితనం కాదు. భుజాల మీదుగా దిగే బిగింపు, తొడలపై పడే కడ్డీ పెద్దవారి శరీరాన్ని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. రైడ్‌ తలకిందులైనపుడు పొట్టి పిల్లలు వాటి సందులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. మడమ ఎత్తున్న చెప్పులు తొడిగించి, మునివేళ్లపై నిలబెట్టి పిల్లలను లోపలికి పంపే తల్లిదండ్రులు ఏం చేస్తున్నారో వారికే తెలియదు.

ఒకే దారిలో రెండు లోకాలు

జిల్లావాసులకు అందుబాటులో ఉన్న పెద్ద వినోద కేంద్రాలు ప్రధానంగా రెండు. హైదరాబాద్‌–విజయవాడ రహదారిని ఆనుకొని 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్‌సిటీ మొదటిది. బాహ్యవలయ రహదారి పక్కన రావిర్యాల వద్ద 2016లో తెరుచుకున్న వండర్‌లా రెండోది. నల్గొండ నుంచి ఫిల్మ్‌సిటీకి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్‌ మీదుగా సుమారు 75 కిలోమీటర్లు. సూర్యాపేట నుంచి వంద వరకు ఉంటుంది. ఫిల్మ్‌సిటీ దాటి పెద్దఅంబర్‌పేటలో బాహ్యవలయ రహదారి ఎక్కితే నగరంలోకి అడుగుపెట్టకుండానే రావిర్యాలకు చేరవచ్చు. దారి ఒకటే కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

వండర్‌లా శరీరానికి పని చెప్పే చోటు. ఎత్తయిన రైడ్లు, నీటి జారుడుబల్లలు, అలల కొలను అక్కడి ఆకర్షణలు. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి అంతకంటే తగిన స్థలం దగ్గరలో లేదు. చిన్నారులకు విడిగా ఆటలున్నా, పార్కు పేరు మోగింది పెద్ద రైడ్లతోనే. అయిదారేళ్ల పిల్లలు మాత్రమే ఉన్నవారు అక్కడ చెల్లించే సొమ్ములో అధిక భాగం తాము ఎక్కలేని యంత్రాలకే పోతుంది. నీటిలో దిగడానికి నైలాన్‌ వంటి దుస్తులు తప్పనిసరి, నూలు బట్టలతో వెళితే అనుమతించరు. ఈ సంగతి తెలియక అక్కడికక్కడ కొత్త జతలు కొనడం నలుగురున్న కుటుంబానికి చిన్న భారం కాదు. మూర్ఛ, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు చాలా రైడ్లకు దూరంగా ఉండాల్సిందే.

ఫిల్మ్‌సిటీ కళ్లకు పని చెప్పే చోటు. ప్రపంచంలోనే అతి పెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్‌ పుస్తకంలోకి ఎక్కిన ఈ 1,666 ఎకరాల స్థలంలో బస్సులో తిరుగుతూ సెట్టింగులు చూడటం, స్టంట్‌ ప్రదర్శనలు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల వనం, పసివారి కోసం ఫండుస్తాన్‌ ఉన్నాయి. ‘బాహుబలి’ సెట్టింగు ముందు ఫొటో దిగకుండా వెనుదిరిగేవారు తక్కువ. నాయనమ్మ నుంచి నాలుగేళ్ల మనవరాలి దాకా అందరికీ ఏదో ఒకటి దక్కుతుంది. అయితే పదిహేనేళ్ల కుర్రాడికి మధ్యాహ్నానికల్లా విసుగు పుట్టవచ్చు. బస్సు ఉన్నా నడక తప్పదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్లేవారు ముందే ఆలోచించుకోవాలి.

సొంత వాహనం లేనివారికి ఈ తేడా మరింత స్పష్టం. ఫిల్మ్‌సిటీ ప్రధాన రహదారి మీదే ఉంది. రావిర్యాలకు వెళ్లాలంటే ఎల్బీనగర్‌ వైపు దిగి మరో బస్సో, ఆటోనో పట్టుకోవాలి. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కావడంతో తల్లీకూతుళ్ల ఛార్జీ మిగులుతుంది. కారులో వెళితే పంతంగి టోల్‌, ఆపై బాహ్యవలయ రహదారి రుసుము లెక్క వేసుకోవాలి.

అసలు ఖర్చు లోపల మొదలవుతుంది

రెండు చోట్లా పెద్దల టికెట్టు వెయ్యి రూపాయల పైమాటే. ఈ పార్కుల ప్రవేశ రుసుముపై 2017లో 28 శాతంగా ఉన్న జీఎస్టీని 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించినా, ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి గేటు దాటేసరికే నాలుగైదు వేలు కరిగిపోతాయి. తిండి, లాకరు, ఫొటోలు దీనికి అదనం. పత్తి అమ్మిన సొమ్ములోంచి ఒక్క రోజు సరదాకు తీసి ఇచ్చే రైతు కుటుంబానికైనా, నెల జీతంపై బతికే చిరుద్యోగికైనా ఇది ఏడాదికొకసారి పెట్టగల ఖర్చు. అందుకే ఆదివారం, పండుగ రోజు వెళ్లడం నష్టదాయకం. ఒక్కో రైడ్‌కు ముప్పావు గంట నిలబడితే రోజు మొత్తంలో దక్కేవి వేళ్లపై లెక్కించవచ్చు. బడికి ఒక్క రోజు సెలవు పెట్టించి మంగళ, బుధవారాల్లో వెళ్లినవారు అదే టికెట్టుపై రెట్టింపు ఆడి వస్తారు. ఉపాధ్యాయులకు ఈ సలహా నచ్చకపోవచ్చు.

జాతర చక్రం మాటేమిటి?

అంత ఖర్చు భరించలేని ఇళ్లకు వినోదం నడిచివస్తుంది. చెరువుగట్టు జాతరలోనో, రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలోనో, వేసవిలో పట్టణ మైదానంలో వెలిసే ఎగ్జిబిషన్‌లోనో జెయింట్‌వీల్‌, బ్రేక్‌డాన్స్‌ కనిపిస్తాయి. కొద్ది రూపాయలకే పిల్లలు ఎక్కేస్తారు. కొలబద్ద ఉండదు, అడిగేవారూ ఉండరు. అసలు ఆందోళన కలిగించాల్సింది ఇక్కడే.

పార్కులోని రైడ్‌ ఒకే పునాదిపై ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. జాతర చక్రాన్ని ఊరూరా విప్పి, లారీకెత్తి, మళ్లీ బిగిస్తారు. ఒక్క బోల్టు వదులైనా, కింద చెక్క దిమ్మెలు ఒరిగినా దాని ఫలితం పైన కూర్చున్నవారిది. 2022 సెప్టెంబరులో పంజాబ్‌లోని మొహాలీ సంతలో పైకి లేచిన రైడ్‌ ఉన్నట్టుండి కిందకు కూలి పలువురు గాయపడ్డారు. 2025 జనవరిలో హైదరాబాద్‌ నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్‌ మొరాయించి సందర్శకులు తలకిందులుగా వేలాడాల్సి వచ్చింది. స్థిరంగా ఉన్నంత మాత్రాన భద్రమనీ కాదు. 2019 జులైలో అహ్మదాబాద్‌ కాంకరియా సరస్సు పార్కులో ఊగే రైడ్‌ విరిగి ఇద్దరు మరణించారు. 2024 మే 25న రాజ్‌కోట్‌ గేమ్‌జోన్‌ మంటల్లో పాతిక మందికి పైగా బలయ్యారు, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమే లేదని తరువాత తేలింది. మన దారిలోనే, గుర్రంగూడలో 2020 అక్టోబరులో గో కార్టింగ్‌ చేస్తున్న యువతి జుట్టు చక్రంలో చిక్కుకొని ప్రాణాలు పోయాయి.

అనుమతి పత్రాలు చూపమని సామాన్యుడు అడగలేడు, అడిగినా చూపేవారు లేరు. వాటిని టికెట్టు కౌంటరు పక్కనే అతికించేలా చూడాల్సింది మైదానం అద్దెకిచ్చే మున్సిపాలిటీ, బందోబస్తు చూసే పోలీసులు. తల్లిదండ్రులు చేయగలిగింది కొంత ఉంది. ఒక విడత ఎక్కకుండా నిలబడి గమనించాలి. ప్రతి తొట్టికీ తలుపు గడియ పడుతోందా, నడిపేవాడు మీట వదిలి ఫోన్‌ చూస్తున్నాడా, ఇద్దరు పట్టేచోట నలుగురిని కుక్కుతున్నారా అన్నవి కంటికే తెలుస్తాయి. ఈదురుగాలి లేచాక కూడా చక్రం తిరుగుతూనే ఉంటే దగ్గరకు పోకపోవడమే మేలు. ఆడపిల్లల జడను ముడివేసి, చున్నీ తీసేయించాకే ఎక్కించాలి.

సొంత గడ్డపై ఉన్నది

జిల్లాలోనే ఒక థీమ్‌ పార్కు ఉందన్న సంగతి ఈ చర్చలో ఎవరికీ గుర్తుకు రాదు. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల్లో నిర్మించిన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. బుద్ధచరిత వనం, జాతక పార్కు, మహాస్తూపం పచ్చికల మధ్య విశాలంగా ఉన్నాయి. ఊగేవి, తిరిగేవి లేవు కాబట్టి పిల్లలు రారని కొట్టిపారేయడం తొందరపాటే. జాతక కథలు జంతువుల కథలు. ఆ శిల్పాల ముందు కూర్చొని కోతి కథ, ఏనుగు కథ చెప్పగల తాతయ్య వెంట ఉంటే ఏడేళ్ల పిల్లలు కదలరు. ఎవరూ చెప్పకపోతే అవి వారికి రాళ్లే. సెలవు రోజుల్లోనైనా కథ చెప్పేవారిని పర్యాటక శాఖ నియమిస్తే బాగుంటుంది. అక్కడి నుంచి ఆనకట్ట చూసి, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

నాలుగేళ్ల లోపు పిల్లలే ఉన్న ఇంటికి మాత్రం ఇవేవీ అక్కరలేదు. 1963లో తెరిచిన హైదరాబాద్‌ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పులి, జిరాఫీ, చిన్న రైలు చాలు. అక్కడ సోమవారం సెలవు.

ఏప్రిల్‌, మే నెలల్లో 45 డిగ్రీలను తాకే మన ఎండలకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడ ఉన్న చోటే గడపాలి. నీటి ఆటల వేళలు వేరుగా ఉంటాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టడం మంచిది. రోజంతా ఎండలో తిరిగి, రాత్రి పది గంటలకు లారీల మధ్య నిద్రమత్తులో కారు నడిపే తండ్రి వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు.