జైజిక్స్ చేప

లాస్ ఏంజెలిస్ నుంచి లాస్ వేగాస్‌కు కారులో వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఇంటర్‌స్టేట్ 15 మీద, బేకర్ ఊరికి కాస్త ముందు, ‘జైజిక్స్ రోడ్’ అన్న బోర్డు చూసే ఉంటారు. పేరు వింతగా ఉందని ఫొటో తీసుకుని సాగిపోతారు. ఈసారి అక్కడ మలుపు తిరగండి. నాలుగైదు మైళ్లు లోపలికి వెళితే సోడా లేక్ అనే ఎండిన ఉప్పు సరస్సు, దాని అంచున కొండ మొదట్లో ఊటలు, ఈతచెట్లలాంటి చెట్ల నీడ.

తరతరాలుగా ఎడారి దాటే స్థానిక తెగలవాళ్లకు ఇది మజిలీ. 1860ల్లో సైన్యం ఇక్కడ కాపలా పెట్టింది. తర్వాత రైలు వచ్చింది, పోయింది.

1944లో కర్టిస్ హౌ స్ప్రింగర్ అనే రేడియో ప్రబోధకుడు దిగాడు. గనుల హక్కు పేరుతో 12 వేల ఎకరాల ప్రభుత్వ భూమి పట్టుకుని, దిక్కులేనివాళ్లను నగరం నుంచి తెచ్చి వాళ్ల చేత ఆరోగ్య విడిది కట్టించాడు. అతను వైద్యుడు కాడు. అతను వేడి ఊటలని చెప్పిన నీళ్లు బాయిలర్‌లో కాగినవి. 1974లో ప్రభుత్వం ఖాళీ చేయించింది.

జైజిక్స్ అంటే అందరూ ఈ మోసగాడి కథే చెబుతారు. నాకు బాధ కలిగించేది అదే. చెప్పుకోవలసింది మొహావీ తూయీ చబ్ అనే చేప గురించి. మొహావీ నదికి స్థానికమైన చేప ఇదొక్కటే. గాలం వేసేవాళ్లు ఎరకని తెచ్చి వదిలిన పరాయి చేపలు నదిని ఆక్రమించాక, నదిలో దీని జాడే లేకుండా పోయింది. గది పాటి కూడా లేని ఇక్కడి ఒక ఊటగుంటలో మాత్రం మిగిలింది. 1970లో అమెరికా దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. స్ప్రింగర్ తవ్వించిన కొలనులోనూ ఇప్పుడు ఇవి ఈదుతున్నాయి. అక్కడి నుంచే మరికొన్ని చోట్లకు పంపి పెంచారు.

1976 నుంచి విడిది భవనాల్లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఎడారి అధ్యయన కేంద్రం నడుస్తోంది. దొంగ వైద్యం సాగిన గదుల్లో పిల్లలు బల్లుల గురించీ రాళ్ల గురించీ నేర్చుకుంటున్నారు. ప్రభుత్వ భూమికి ఇంతకంటే మంచి వాడకం ఏముంటుంది?

అయినా నిశ్చింత లేదు. హైవే పక్కనే పెద్ద సౌరవిద్యుత్ కేంద్రం కడతామన్న ప్రతిపాదనను 2016లో శాన్ బెర్నార్డినో కౌంటీ తిరస్కరించింది. ఆ తర్వాత అది రాష్ట్ర ఇంధన కమిషన్ ముందుకు వెళ్లింది. సౌరవిద్యుత్తు కావాలి, నేనూ కోరేదే. కానీ సౌరపలకలకు ఎడారిలో చోటు ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఆ కేంద్రం భూగర్భజలం తోడితే ఈ ఊట తగ్గిపోవచ్చు. అందుకే ఆ కేంద్రానికి బోరు వేసేముందు ఈ ఊట నీటిమట్టాన్ని ఏళ్ల తరబడి కొలవాలి, ఆ లెక్క జనం ముందు పెట్టాలి. మట్టం తగ్గే సూచన ఉంటే అనుమతి ఇవ్వకూడదు.