అతుకు తూకానికి రాదు

మా ఊరు భట్టిప్రోలు అనగానే క్లబ్‌లో అందరూ స్తూపం, లిపి అంటారు. సంతోషమే. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో బయటపడ్డ ధాతుపేటికల మీది అక్షరాలు చూసి మురిసిపోతాం గానీ, ఆ రాతి పెట్టెకి మూత చెక్కినవాడి గురించి ఎవరూ మాట్లాడరు. మా ఇంటి మెట్లకి రెయిలింగ్ చేయించే పని మొదలైనప్పటి నుంచీ నాకు ఆ మూతవాడే గుర్తొస్తున్నాడు.

విషయం చిన్నదే. ఒక రౌండ్ పైపుకి ఇంకో రౌండ్ పైపు అడ్డంగా అతకాలంటే, రెండో పైపు చివర తిన్నగా కోస్తే సరిపోదు. తిన్నటి చివర గుండ్రటి పైపుకి రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది, మిగతాదంతా సందే. ఆ చివరని చేప నోరు తెరిచినట్టు వంపుగా కోస్తే, గుర్రం మీద జీను కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఇంగ్లీషులో దీన్ని నాచింగ్ అంటారు.

చాలా చోట్ల ఇలా కోయరు. సందులో రాడ్డు కరిగించి నింపేస్తారు, గ్రైండర్‌తో రుద్దుతారు, లప్పం పెట్టి, రెడాక్సైడ్ కొట్టి, పైన రంగు వేస్తారు. ఆ రోజుకి నున్నగా బాగానే ఉంటుంది. కానీ రెండు మిల్లీమీటర్ల పల్చటి పైపుకి పెద్ద సందు నింపడం అంటే చిక్కే. కరెంటు ఎక్కువ పెడితే పైపు కాలి బొక్క పడుతుంది. తక్కువ పెడితే రాడ్డు పైపైన పేరుకుంటుంది, లోపల స్లాగ్ చిక్కుకుంటుంది. మన డెల్టా తేమకి అలాంటి చోటే తుప్పు మొదలవుతుంది, అదీ రంగు కింద, మనకి కనపడకుండా. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ మెట్టెక్కేటప్పుడు తన బరువంతా వేసేది ఆ అతుకుల మీదే.

దీనికి వెల్డర్ని తిట్టడం తేలిక. నా అభిప్రాయంలో తప్పు మన బేరంలో ఉంది. గేటైనా గ్రిల్ అయినా మనం కిలో లెక్కనో అడుగు లెక్కనో మాట్లాడుకుంటాం. నాచ్ కోసినవాడు ఇనుము తీసేస్తాడు, టైమ్ పోగొట్టుకుంటాడు. సందు నింపినవాడు రాడ్డు కలుపుతాడు, అది కూడా తూకంలోకి వస్తుంది. అంటే మన లెక్క ప్రకారం బాగా చేసినవాడికి కూలి తక్కువ, కానిచ్చేసినవాడికి ఎక్కువ! "అబ్బాయ్, కొయ్యడం నాకు రాక కాదు, కోస్తే ఆ గంట డబ్బులు ఎవరిస్తారు?" అని ఒక వెల్డర్ నన్నే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

స్క్వేర్ పైపు వాడితే పోలా అంటారు. నిజమే, తిన్నగా కోస్తే అతుక్కుంటుంది, అందుకే ఇప్పుడు వీధంతా స్క్వేర్ పైపులే. కానీ చెయ్యి పట్టుకోవడానికి గుండ్రటిదే హాయి. పని కష్టమని వస్తువునే మార్చేసుకోవడం నాకు నచ్చదు.

ఇక మన సంగతి. ఫస్టియర్ డ్రాయింగ్‌లో డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్ అని సిలిండర్‌ని విప్పి పరిచాం కదా, అది ఇదే. ఎందుకో చెప్పకుండా గీయించారు, మార్కుల కోసం గీశాం. ఒకే సైజు పైపులు రెండు 90 డిగ్రీల్లో కలిస్తే, విప్పిన కాగితం మీద వచ్చే గీత సైన్ వేవ్‌లోని రెండు మూపురాలు. బయటి వ్యాసం 33.7 మి.మీ. ఉన్న అంగుళం పైపు తీసుకోండి. చుట్టుకొలత 105.9 మి.మీ. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కోటి సుమారు 8.8. చెవి కొస నుంచి కోత లోతు వరసగా 0, 8.4, 14.6, 16.9, మళ్లీ 14.6, 8.4, 0. మిగతా సగమూ ఇంతే. పైథాన్‌లో పది లైన్ల పని.

అయితే ఈ లెక్కలో పైపుకి మందం లేదు, ఇనుముకి ఉంది. గోడ మందం 3.2 మి.మీ. అనుకుంటే, గీత వెంట నిలువుగా కోసిన పైపు కూర్చోదు. లోపలి అంచు ముందే తగిలి ఆపేస్తుంది. లోపలి వ్యాసంతో మళ్లీ లెక్క కడితే లోతు 17 కాదు, సుమారు 7 మి.మీ. మాత్రమే! అప్పుడు లోపలి అంచు చుట్టూ ఆనుతుంది, బయట మిగిలిన గాడి రాడ్డుకి సరిపోతుంది. వెల్డర్ ఏ ఫార్ములా లేకుండానే ఈ సంగతి చేత్తో పట్టేస్తాడు. గ్రైండర్‌తో రెండు వైపులా ఏటవాలుగా రెండు కోతలు పెట్టి, వంపు రుద్ది, పైపు మీద ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తాడు, లోపలి అంచు మళ్లీ రుద్దుతాడు. దాన్ని "అనుభవం" అని ఒక్క మాటతో తేల్చేసి, మన పది లైన్లని మాత్రం స్కిల్ అంటాం. ఇదేం న్యాయమో!

అందుకే ఇంట్లో ఈసారి పని చేయిస్తే రెండు మాటలు ముందే అనుకోండి. ఇనుముకి కిలో రేటు, రౌండ్ పైపు అతుకుకి విడిగా ఇంత అని. ఇంకోటి, వెల్డింగ్‌కి ముందు ఒకసారి, రంగుకి ముందు ఒకసారి అతుకులు చూపించమని. బేరం ఆడాల్సిందే అయితే రంగు దగ్గర ఆడండి.

కాగితం అచ్చు తీసి ఇచ్చేవాళ్లకి ఒక మాట. ప్రింట్ సెట్టింగ్స్‌లో ఫిట్ టు పేజ్ తీసేసి 100 శాతం పెట్టండి. ఏ4 మీద వచ్చిన గీత పొడవు స్కేలుతో కొలిచి 105.9 ఉందో లేదో చూసి, పైపుకి చుట్టి రెండు చివర్లూ కలుస్తున్నాయా అని సరిచూసుకున్నాకే వెల్డర్ చేతికివ్వండి.