బండి లేస్తుంది... ఇరుసు లేవదు!

శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అమ్రాబాద్ వైపు తిరిగారా? అక్కడి పల్లెల మట్టిబాటలు, రాళ్లు చూస్తే జిమ్నీ ఉన్న కుర్రాళ్లకు ఒకటే ఆలోచన... ‘లిఫ్ట్ కిట్ వేయిస్తే పోలా!’

ఏముంటుంది ఆ కిట్‌లో? పొడవాటి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు. బిగిస్తే బండి సాధారణంగా రెండంగుళాలు లేస్తుంది. కానీ లేచేది బాడీయే! ఇరుసు మధ్య బుడిపెలా వేలాడే డిఫరెన్షియల్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రాయి ముందు తగిలేది దానికే. దాన్ని లేపాలంటే పెద్ద టైర్లు వేయాల్సిందే.

పైగా కొత్త చిక్కులు. పొట్టి బ్రేకు గొట్టాలు లాగినట్టు బిగుసుకుంటాయి. స్టీరింగ్ నిలకడ తగ్గుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. బరువు పైకి చేరడంతో ఘాట్ మలుపుల్లో బండి ఎక్కువగా వాలుతుంది. వెనక సీట్లో పిల్లలుంటారు కదా! అందుకే గొట్టాలు, అలైన్‌మెంటు, లైట్లు సరిచేయించకుండా షెడ్డు నుంచి కదలొద్దు.

చట్టం మాటేమిటి? కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ రావచ్చు.

ఇంతా చేసి, పులుల అడవిలోకి సొంత బండిని ఇష్టమొచ్చినట్టు తిప్పనివ్వరు. ఫర్హాబాద్ చూడాలంటే అటవీశాఖ సఫారీ ఉంది. ఆదివారం షికారుకైతే ఆ టికెట్టు చాలు!