కరెంటు బండి సరే, బిల్లు ఎవరి మీద?



పెట్రోలు బండ్లు, డీజిలు బండ్లు తీసేస్తారట, ఇక అన్నీ కరెంటు బండ్లేనట అనే మాట కనేరిలోనూ, పద్మనగర్‌లోనూ, కామత్‌ఘర్‌లోనూ టీ హోటళ్ళ దగ్గర తరచుగా వినబడుతున్నది. రాత్రి పాళీ దిగి వచ్చినవారు ఈ మాట విని నవ్వి ఊరుకుంటున్నారు. "మనకు కారెక్కడిది? కారున్న సేఠ్ చూసుకుంటాడు" అంటున్నారు. యూనియన్ ఆఫీసులో కూడా ఒక సోదరుడు ఇదే మాట అన్నాడు. కారు లేనివాని మీద కారు ఖర్చు పడదనుకుంటే మనం పొరబడినట్టే. అందుకే ఈసారి సంపాదకీయం దీని మీద రాస్తున్నాము.

ముందు జరిగినది జరిగినట్టు చెప్పుకుందాం. ముంబయి గాలి పాడవుతున్నదని బొంబాయి హైకోర్టు తనంతట తానుగా చేపట్టిన కేసులో 2025 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెట్రోలు, డీజిలు బండ్లను క్రమంగా తీసేసి సి.ఎన్.జి., కరెంటు బండ్లను మాత్రమే ఉంచడం వీలవుతుందా అన్నది పరిశీలించమన్నది. మహారాష్ట్ర ప్రభుత్వం అదే నెలలో రిటైరయిన ఒక ఐ.ఏ.ఎస్. అధికారి అధ్యక్షతన ఏడుగురితో కమిటీ వేసింది. కమిటీ పరిశీలించవలసినది ముంబయి నగరం ఒక్కటే కాదు, ముంబయి మహానగర ప్రాంతం మొత్తం. మన భివండి ఆ ప్రాంతం లోపలే ఉన్నది. కనుక ఇది బాంద్రావాళ్ళ గొడవ, కొలాబావాళ్ళ గొడవ అని మనం పక్కకు తప్పుకోవడానికి లేదు.

మనం పొగను సమర్థించేవాళ్ళం కాము. అంజూర్ ఫాటా నుంచి కల్యాణ్ నాకా దాకా ట్రక్కుల వెనుక, టెంపోల వెనుక నడిచేది మనమే. సైజింగ్ బాయిలర్ల గొట్టాల కింద కాపురం చేసేదీ మనమే. కార్ఖానాలో పన్నెండు గంటలు దూది నలక పీల్చి, బయటికొచ్చి డీజిలు పొగ పీలుస్తున్నాము. మంచి గాలి కావాలని అడిగే హక్కు కారులో అద్దాలు బిగించుకొని ఏ.సి. వేసుకొని పోయేవానికంటే ముందు మనకే ఉన్నది.

కరెంటు బండి పొగను పట్నంలో తీసేసి చంద్రపూర్‌లోనూ, రామగుండంలోనూ పెడుతుందని కొందరు వాదిస్తున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. బొగ్గు కాల్చే కరెంటు మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ. కాని లెక్క అక్కడితో అయిపోదు. టెంపో ఒక ఖేపు కొట్టి వచ్చినాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. పోసిన పెట్రోలులో, డీజిలులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, చక్రానికి అందేది తక్కువ. మన సాంచా మోటారు పాళీ అంతా తిరిగినా అంత కాలదు, ఎందుకంటే అది తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని పనిగా మారుస్తుంది. బండిలో పెట్టేదీ ఆ జాతి మోటారే. మోటారు మంచిదా చెడ్డదా అని సాంచా నడిపేవానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. బండి మారడం మీద మాకు అభ్యంతరం లేదు. మారే పద్ధతి మీదనే మా ప్రశ్న.

ఎందుకంటే చేతి నుంచి కరెంటుకు మారడం మనకు కొత్త కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో మన తండ్రులు, తాతలు గుంటమగ్గం మీద చేత్తో నేసినవాళ్ళే. మగ్గం తిండి పెట్టనినాడు గుంట పూడ్చి, పిల్లలను వెంటబెట్టుకొని, షోలాపూరు మీదుగా కొందరు, నేరుగా కొందరు ఇక్కడికి వచ్చారు. చేత్తో నేసే పని కరెంటుతో నేయడం అయింది. ఒక మనిషి ఒక మగ్గం నేసేచోట నాలుగు, ఆరు సాంచాలు చూసుకోవలసి వచ్చింది. బట్ట ఎన్నో రెట్లు పెరిగింది. కూలి అన్ని రెట్లు పెరిగిందా? పని గంటలు తగ్గాయా? మీటరుకు ఇంత అని కట్టే కూలి కనుక, లైట్ పోయిన గంట సేఠ్‌కు నష్టం, మనకు పస్తు. 2007 జనవరిలో భివండి కరెంటు పంపిణీని రాష్ట్ర విద్యుత్ కంపెనీ ఫ్రాంచైజీ పద్ధతిలో టొరెంట్ పవర్‌కు అప్పజెప్పింది. దేశంలోనే అటువంటి ఒప్పందం అది మొదటిది. తర్వాత సాంచా నడిచే గంటలు పెరిగాయి. గంటలు పెరిగితే మీటర్లు పెరిగాయి, పగారు కొంచెం పెరిగింది. మీటరు రేటు పెంచాలంటే మాత్రం ఎప్పటిలాగే మనమే సాంచాలు బంద్ పెట్టవలసి వచ్చింది.

ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఎవరి చేతిలో ఆగుతుందో కూడా మనకు తెలిసిన కథే. 1999 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం బట్టల పరిశ్రమలో కొత్త యంత్రాల కోసం టఫ్స్ పథకం పెట్టింది. యంత్రం కొనే యజమాని తెచ్చుకున్న అప్పు మీద వడ్డీలో ఐదు శాతం ప్రభుత్వం భరించింది. షటిల్ లేని రాపియర్లు, ఎయిర్‌జెట్లు వచ్చాయి. వాటి వల్ల పని పోయిన సాంచా కార్మికునికి ఆ పథకంలో ఏమి పెట్టారో వెతికి చూడండి. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం 27 హార్స్‌పవర్ లోపు పవర్‌లూమ్‌లకు యూనిట్ మీద రూపాయి అదనపు రాయితీ ప్రకటించింది. మంచిదే, చిన్న కార్ఖానాలు మూతబడకూడదు. ఆ రూపాయిలో పైసా కూడా మీటరు కూలిలోకి దిగివచ్చినట్టు మాకు ఏ కార్ఖానా నుంచీ కబురు లేదు.

ఇప్పుడు కారు సంగతికి వద్దాం. కరెంటు బండ్ల మీద కేంద్రం జి.ఎస్.టి.ని 2019 ఆగస్టు నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దించింది. కేంద్రం ఫేమ్ అనే పేరుతో 2015లో ఒకసారి, 2019లో మరొకసారి, 2024 అక్టోబరు నుంచి పి.ఎం. ఈ-డ్రైవ్ అనే పేరుతో 10,900 కోట్ల రూపాయల పథకం పెట్టింది. ఇందులో బస్సులకు, ఆటోలకు, స్కూటర్లకు పోయే వాటా ఉన్నది, దానికి మేము అడ్డం చెప్పము. రాష్ట్రాలు ఇచ్చే మినహాయింపుల దగ్గరే అసలు విషయం ఉన్నది. మన రాష్ట్రంలో పెట్రోలు కారు కొంటే ధరను బట్టి నూటికి 11 నుంచి 13 రూపాయల దాకా వాహన పన్ను కట్టాలి, కరెంటు కారుకు మాఫీ. 30 లక్షలకు మించిన కరెంటు కార్ల మీదనైనా 6 శాతం పన్ను వేద్దామని 2025 మార్చి బడ్జెట్టులో పెట్టారు. నెల తిరగకముందే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. 30 లక్షల మీద 6 శాతం అంటే లక్షా ఎనభై వేలు. ఆ అంకె పక్కన మీ సంవత్సరం పగారు రాసుకొని చూడండి. తెలంగాణ ప్రభుత్వం కూడా 2024 నవంబరులో కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 చివరి దాకా పూర్తిగా మాఫీ చేసింది. సిరిసిల్లలో సాంచా నడిపే మన బంధువులలో ఆ మాఫీ అందుకున్నవారు ఎందరుంటారు?

కరెంటు బండి చవక అంటారు. నిజమే, నడపడం చవక. లీటరు పెట్రోలు నూరు రూపాయలు, స్కూటరు యాభై కిలోమీటర్లు పోతుంది అనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయలు. కరెంటు స్కూటరు నూరు కిలోమీటర్లకు సుమారు మూడు యూనిట్లు తింటుంది. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు ముప్పై పైసలు. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవానికి నెలకు ఐదువందల దాకా మిగులుతుంది. కాని ఆ ఐదువందలు మిగలాలంటే ముందు లక్ష రూపాయల బండి కొనాలి. లక్ష ఉన్నవానికే ఐదువందలు మిగిలే లెక్క ఇది. లేనివాడు పాత పెట్రోలు బండి మీదనే ఉంటాడు. రేపు ఆ బండి ఊళ్ళోకి రావద్దంటే ఫైనాన్సు వాని దగ్గరకు పోతాడు. మీటరు కూలి మీద బతికేవాడు నెలనెలా కిస్తీ ఎట్లా కడతాడు? మందీ వచ్చి పదిహేను రోజులు సాంచాలు ఆగితే బండి గుంజుకపోతారు.

సరే, అప్పు తెచ్చి కొన్నాడే అనుకుందాం. చార్జింగ్ ఎక్కడ పెడతాడు? పది అడుగుల ఖోలీలో ఐదుగురో ఆరుగురో ఉంటాము. బండి నిలిపేది గల్లీలో. మీటరు ఇంటివానిది. ఫ్యానుకు ఇంత, లైటుకు ఇంత, టీవీకి ఇంత అని నెలకు గుండుగుత్తగా వసూలు చేసే ఇంటివాడు స్కూటరు బ్యాటరీకి ఎంత అడుగుతాడో మీకు తెలుసు. మనకు పడేది సర్కారు రేటు కాదు, ఇంటివాని రేటు.

బ్యాటరీ పీకి ఖోలీలోకి తెచ్చి పెట్టుకుంటామని కొందరు అంటున్నారు. వారికి ప్రత్యేకంగా చెబుతున్నాము. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రిపూట ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక ముసలాయన చనిపోయాడు. రోజుల తేడాలోనే విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంకొకరు పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది పొగకు, మంటలకు బలయ్యారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల పరీక్షల నిబంధనలు గట్టి చేసింది. అయినా నూలు కండెలు, గుడ్డ ముక్కలు, గ్యాసు పొయ్యి, ఆరుగురు మనుషులు, ఒకే తలుపు ఉన్న ఖోలీలో బ్యాటరీ చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. అందులోనూ కంపెనీది కాని చవక చార్జర్ అసలే వద్దు.

గాలి శుభ్రం చేయడానికి ఎవరిని ముందు బలిపెడతారో ఢిల్లీ చూపించింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు మీద 1996 నవంబరు 30న అక్కడ 168 పెద్ద కార్ఖానాలు ఒక్కరోజున మూసేశారు. వాటిలో బట్టల మిల్లులు ఉన్నాయి, వేలాదిమంది మనవంటి కార్మికులున్నారు. తరలిపోకుండా మూతపడే కార్ఖానాల కార్మికులకు ఆరు సంవత్సరాల జీతం ఇవ్వాలని కోర్టు ఆ డిసెంబరులో చెప్పింది. ఆ డబ్బు కోసం, ఆ పని కోసం చాలామంది ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కారు. తర్వాత అక్కడే బస్సులు, ఆటోలు సి.ఎన్.జి.కి మారాలన్నారు. మారారు, గాలికి మేలు కూడా జరిగింది. కాని 2001లో గ్యాసు కోసం ఆటో సోదరులు పంపుల ముందు రాత్రిళ్ళు బారులు కట్టి నిలబడ్డారు, ఆ రాత్రి సంపాదన వారికి ఎవరూ ఇవ్వలేదు. ఇక 2025 జూలై 1 నుంచి పదేళ్ళు దాటిన డీజిలు బండ్లకు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లకు పంపుల్లో నూనె పోయవద్దని ఢిల్లీలో హుకుం వచ్చింది. బండ్లున్నవారు గగ్గోలు పెట్టారు, మూడో రోజుకల్లా ఢిల్లీ ప్రభుత్వమే దాన్ని ఆపమని లేఖ రాసింది. వారంలో వాయిదా పడింది. పాత బండి నడుపుకొని బతికే పేదవానికి ఆ ఊరట కావలసిందే, మేము కాదనడం లేదు. కాని కారు ఆగితే మూడు రోజుల్లో వినబడిన గోడు, మిల్లు ఆగితే ఎందుకు వినబడలేదు?

మన సాంచాలు వదిలి ఆటో పట్టినవారు, టెంపో పట్టినవారు ఈ ఊళ్ళో తక్కువేమీ లేరు. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే కరెంటు మోటారులో కదిలే భాగాలు చాలా తక్కువ కనుక గ్యారేజీ మేస్త్రీల పని తగ్గుతుంది, పుణె పక్కన చాకన్, పింప్రీలలో ఇంజను విడిభాగాలు చేసే కార్మికుల మీదా వేటు పడవచ్చు. అమెరికాలో కార్ల కార్మికుల సంఘం యు.ఏ.డబ్ల్యు. 2023 సెప్టెంబరు 15న మూడు పెద్ద కంపెనీల మీద సమ్మె కట్టింది. కరెంటు కారు వద్దని వారు అనలేదు. బ్యాటరీ కార్ఖానాలో పనిచేసేవానికి కూడా యూనియన్ ఒప్పందమే వర్తించాలన్నారు. అక్టోబరు మొదటివారంలో జనరల్ మోటార్స్ అందుకు ఒప్పుకున్నది. యంత్రం గేటు లోపలికి రాకముందే ఒప్పందం మాట్లాడుకోవడం ఇది. రాపియర్లు వచ్చినప్పుడు మనం ఈ పని చేయలేకపోయాము. ఇది మా నాయకత్వ లోపం కూడా, ఒప్పుకుంటున్నాము.

ఈ విషయమై మేము ఒక వినతిపత్రం తయారు చేస్తున్నాము. అందులో మొదటి కోరిక కారు గురించి కాదు, బస్సు గురించి. థానే–భివండి–కల్యాణ్ మెట్రోకు 2018 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. స్తంభాల కింద ట్రాఫిక్కులో ఏళ్ళకేళ్ళు నిలబడిందీ మనమే. మెట్రో సంగతి మెట్రోదే. కార్ఖానాల పాళీ మారే వేళకు, ఉదయం, రాత్రి, కనేరి నుంచి, పద్మనగర్ నుంచి కరెంటు బస్సులు నడపమని అడుగుతున్నాము. ఒక బస్సుకు పెట్టే రాయితీ యాభై ఖోలీలకు అందుతుంది. పాత ఆటో, టెంపో తీసేయమంటే దాని విలువ, కొత్త బండి దొరికేదాకా పోయే రోజుల కూలి రెండూ కట్టాలని, ప్రైవేటు ఫైనాన్సుకు కాక బ్యాంకు అప్పు ఇప్పించాలని రెండో కోరిక. బస్తీలో మునిసిపల్ స్థలంలో సర్కారు రేటుకే చార్జింగ్ పెట్టే కేంద్రం కావాలి. కారు చార్జింగ్ కేంద్రాల కోసం కొత్త తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు వేస్తే ఆ ఖర్చు సాంచా బిల్లులోకి, ఖోలీ బిల్లులోకి ఎక్కించకూడదు. సాంచా బిల్లు పెరిగితే సేఠ్ ఆ భారాన్ని ఎవరి మీటరు కూలిలోంచి తీస్తాడో చెప్పనక్కరలేదు.

దీనికి రుజువులు కావాలి, నోటిమాట చాలదు. కనుక ప్రతి సభ్యుడు తన ఖోలీకి ఇంటివాడు కరెంటు కింద నెలకు ఎంత తీసుకుంటున్నాడో, ఫ్యాను, లైటు, టీవీ లెక్క ఎట్లా వేస్తున్నాడో ఒక చీటీ మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. రసీదు ఉంటే నకలు తెండి, లేకుంటే లేదని రాయండి. ఇంటివాని పేరు రాయనక్కరలేదు. ఆటో, టెంపో నడిపే సోదరులు బండి ఏ సంవత్సరందో, కిస్తీ ఇంకా ఎన్ని నెలలున్నదో రాసి ఇవ్వాలి. చదువు రానివారికి రాసిపెట్టడానికి ఆదివారం పొద్దున ఆఫీసులో మనిషి ఉంటాడు.