ఇఫ్తార్ వేళ లేని ఆకలి

హైదరాబాద్‌లో ఇఫ్తార్‌కు ఇంకా పావుగంట ఉందనగానే ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురంలో రంజాన్ రోజా విడుస్తారు. రాయగడలో మరో మూడు నాలుగు నిమిషాలు ముందే. దేశంలోని గడియారాలన్నిటికీ ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం జయపురం పక్కనుంచే వెళ్తుంది. సూర్యుడు అక్కడ హైదరాబాద్ కంటే ముందే అస్తమిస్తాడు కాబట్టి, తెలంగాణ కాలెండర్‌లోని వేళలు కోరాపుట్ కొండలకు పనికిరావు.

వేళ అంత కచ్చితంగా ఉండటంలోనే రోజా తీరు తెలుస్తుంది. మార్చి నెలలో తెల్లవారుజామున సహరీ భోజనం ముగించింది మొదలు సుమారు 13 గంటలు చుక్క నీరు ముట్టకుండా పనిచేసుకోవడం కష్టమే. అయితే ఆ ఆకలి ఏ నిమిషంలో తీరుతుందో ఉపవాసికి పొద్దున్నే తెలుసు. సాయంత్రానికి ఖర్జూరం సిద్ధంగా ఉంటుంది. జబ్బు పడినవారు, ప్రయాణంలో ఉన్నవారు ఆ రోజాలు తర్వాత ఉండవచ్చు. ఎన్నటికీ ఉండలేనివారు రోజాకొక పేదవాడికి అన్నం పెడితే చాలు. ప్రాణం మీదకు తెచ్చుకోమని ఇస్లాం అడగదు.

తీరే వేళ తెలియని ఆకలి వేరు. అదే రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001 ఆగస్టులో చావులు మొదలయ్యాయి. ఇళ్లలో గింజలు నిండుకున్న ఆదివాసీలు వేసవిలో దాచిన మామిడి జీడిని పిండి చేసి జావ కాచుకున్నారు. వానలకు బూజు పట్టిన ఆ జీడే విషమైంది. ఇరవై మందికి పైగా పోయారు. అవి ఆకలి చావులా, విషాహార చావులా అని ప్రభుత్వమూ ప్రతిపక్షాలూ వాదులాడుకున్నాయి. కడుపు నిండినవాడు బూజు పట్టిన జీడి ఎందుకు తింటాడు? ఇదేదో పాతకథ అనుకోవడానికీ లేదు. కంధమాల్ జిల్లాలో 2024లోనూ మామిడి జీడి జావ తాగి మహిళలు చనిపోయారు.

పేదల ఆకలి తెలుసుకోవడానికే ఉపవాసం అని చాలామంది చెబుతుంటారు. అది సగమే నిజం. రోజా ముందుగా ఆరాధన. నోటినీ చూపునూ కోపాన్నీ అదుపులో పెట్టుకుని, రాత్రి తరావీహ్ నమాజులో నిలబడి, దైవభీతిని పెంచుకునే సాధన. కానీ ఆ ఆరాధనను ఇస్లాం దానం నుంచి విడదీయలేదు. స్తోమత ఉన్న ప్రతివారూ ఇంట్లో పసిబిడ్డల తరఫున కూడా పండుగ నమాజుకు ముందే ఫిత్రా అనే దానం ఇచ్చేయాలి. హనఫీ పండితుల లెక్కన మనిషికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోల గోధుమలు, లేదా వాటి విలువ.

2011 జనగణన ప్రకారం ఒడిశాలో ముస్లింలు 2.17 శాతం. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఒక శాతం కూడా ఉండరు. ఇంత చిన్న సమాజం ఎవరి ఆకలి తీర్చగలదని అనిపించవచ్చు. కానీ ఇక్కడ చూడాల్సింది దానం ఎంత అన్నదే కాదు, అది ఎప్పుడు చేరుతుందన్నది కూడా. చాంద్రమాన నెల కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో అది మార్చిలో వచ్చింది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి వస్తాయి. మళ్లీ ఆగస్టుకు చేరేది 2040ల్లోనే. కొండల్లో ఆకలి మాత్రం ఏటా ఎక్కువగా శ్రావణ భాద్రపదాల్లో, కొత్త పంట చేతికి రాకముందే ముదురుతుంది. 2001లోనూ కాశీపూర్ చావుల తర్వాత, నవంబరులో గాని రంజాన్ రాలేదు.

ఫిత్రాను పండుగ దాటించకూడదు. తప్పనిసరి దానమైన జకాత్ ముస్లిం పేదలకే చెందాలన్నది ఎక్కువమంది పండితుల మాట. ఇష్టపూర్వకంగా ఇచ్చే సదఖాకు మాత్రం నెలా లేదు, మతమూ లేదు. ఎప్పుడైనా, ఎవరికైనా ఇవ్వవచ్చు. పుణ్యం ఎక్కువని చాలామంది రంజాన్‌లోనే చేతులు విప్పుతారు. ఆ నెల దాటాక విరాళాల డబ్బాలు ఖాళీగా ఉంటాయి. రంజాన్‌లో వచ్చిన సదఖాలో కొంత వానాకాలానికి ఆపి ఉంచడం ధర్మానికి విరుద్ధం కాదు, పైగా అవసరం.

రేషన్ సరిగా చేర్చే బాధ్యత ప్రభుత్వానిదే. దానం దానికి బదులు కాదు. అయినా కోరాపుట్, రాయగడ మసీదు కమిటీలు వచ్చే రంజాన్‌లోనే ఒక వాటా విడిగా పెట్టి, ఆగస్టులో బియ్యం, చోళ్లుగా మార్చి కాశీపూర్ పల్లెలకు పంపాలి. ఆ బస్తాలు కొండెక్కించే పనికి ఇక్కడి తెలుగువాళ్లు, ఒడియావాళ్లు మతం చూడకుండా ముందుకు రావాలి.